కూర్చునే బండి

మా షెడ్డులో బండి 'కూర్చుంది' అంటే దానికి జబ్బు చేసిందని అర్థం.

మేము బాగుచేసేవన్నీ పాతబడిన ఖరీదైన కార్లు. కొత్తలో వాటిని కొన్నవాళ్ళు పెద్దవాళ్ళు, ఇప్పుడు నడుపుతున్నవాళ్ళు మాలాంటివాళ్ళు. ఇలాంటి పెద్ద బండ్లలో కొన్నింటికి చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులు ఉండవు. వాటి బదులు లావుపాటి రబ్బరు తిత్తులుంటాయి. మేము వాటిని బెలూన్లంటాం. గాలి నిండితే బండి లేస్తుంది, గాలి వదిలితే దిగుతుంది. పదిహేనేళ్ళు దాటాక ఆ రబ్బరు మడతల దగ్గర పగులుతుంది. నిలబెట్టిన బండి తెల్లారేసరికి అలిసిపోయిన ఏనుగులా నేలకు ఆనుకుని ఉంటుంది. యజమాని ఫోన్ చేసి, "మేస్త్రీ, బండి కూర్చుంది," అంటాడు. నేను లోపల్లోపల దేవుణ్ణి తలుచుకుని బెలూన్ ధర చెబుతాను. అప్పుడు ఆయన కూర్చుంటాడు.

ఆ ధరలు అలా ఉన్నాయి మరి. అయిదేళ్ళ కింద ఒక బెలూన్‌కు ఇచ్చిన డబ్బు ఇప్పుడు దాని మీద బిగించే రింగుకు సరిపోదు. పాత నంబర్లకు కంపెనీవాళ్ళు సామాను చేయడం మానేశారు. మిగిలిన కాస్త సరుకు ధర చేయి మారినప్పుడల్లా పెరుగుతుంది. బండి ధర ఏటేటా దిగుతుంది, సామాను ధర ఏటేటా ఎక్కుతుంది. ఎక్కడో ఒక మెట్టు మీద రెండూ ఎదురుపడతాయి. ఆ రోజు బండిని తుక్కుకు పంపుతారు. వయసు పైబడ్డ కొద్దీ నిలబెట్టుకోవడం కష్టమయ్యేది బండి ఒక్కటేనా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఒకసారి మా ఆవిడతో ఆ మాటే అంటే, "మీ పన్నుకి పోసిన డబ్బు మర్చిపోయారా?" అంది.

షెడ్డు నాదీ మా బావదీ. బావ అంటే మా ఆవిడకు అన్న. ఆయన నన్ను బావా అంటాడు, నేను ఆయన్ని బావా అంటాను. షెడ్డులో ఎవరు "బావా" అని కేకేసినా రెండో మనిషి పలకాల్సిందే. నా పని బండి కింద. ఆయన పని బండి పైన: వైరింగు, కంప్యూటరు, వచ్చినవాళ్ళతో మాట్లాడటం, చీటీ రాయడం. బండి కిందికి దూరాక నాకు మనుషుల మాటలు సరిగా వినపడవు. బావ రాసిన చీటీయే నాకు ఆధారం.

ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఒక్కటే అలవాటు. వచ్చినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయడు, సరిదిద్ది రాస్తాడు. "ముందు చక్రంలో కప్ప అరుస్తోంది" అని ఎవరైనా అంటే "బేరింగు" అని రాస్తాడు. "నా బండికి నా మీద కోపమొచ్చింది" అని ఒకావిడ అంటే "గేరు పడటం లేదు" అని రాశాడు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు ఆయన రాసిందే నిజమవుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అదే వచ్చిన చిక్కు.

ఒక శుక్రవారం బైండింగ్ మాస్టారు బండి తెచ్చాడు. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి. అరవై దాటాయి. చొక్కా అంచుల మీద ఎప్పుడూ ఎండిన జిగురు ఉంటుంది. అలాంటాయనకు అంత ఎత్తయిన, అంత గొప్ప బండి ఎందుకని మా వీధిలో అందరికీ నవ్వే.

"పుస్తకాలు కుట్టి ఏనుగును మేపుతున్నాడు బావా," అనేవాడు మా బావ.

ఆ రోజు నేను వేరే బండి కింద ఉన్నాను. మాస్టారి చెప్పులు మాత్రం కనిపించాయి. ఆయన ఏదో చెప్పడం, బావ "ఊఁ, ఊఁ" అనడం, కలం గీసిన చప్పుడు. అంతే. చెప్పులు వెళ్ళిపోయాయి. నేను బయటికొచ్చి చీటీ చూశాను. 'కూర్చోవడం ఎక్కువైంది' అని ఉంది. మధ్యలో ఏదో కొట్టివేత ఉంది. నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున చూస్తే బండి వెనక ఎడమవైపు రెండు వేళ్ళంత దిగింది. చీటీ నిజమే చెప్పిందనుకున్నాను. బావ ఫోన్ చేసి, నాకూ వినపడాలని స్పీకరులో పెట్టాడు.

"మాస్టారూ, ఒక్కో బెలూన్ ఇప్పుడు మా షెడ్డు మూడు నెలల అద్దె. మీకు నాలుగు కావాలి. అదీ దొరికితే. బెలూన్ల జోలికి వెళ్తే మీరు ఇంకో జన్మెత్తి పుస్తకాలు కుట్టాలి."

అవతల నుంచి చిన్న గొంతుతో, "ఇంకో దారేం లేదా బాబూ?" అన్నాడు.

"ఉంది. తక్కువలో అయిపోతుంది. మళ్ళీ మా మొహం చూసే పని ఉండదు."

"అయితే అదే చేయండి. నాకు బండ్ల సంగతి తెలీదు. ఆ కూర్చునే సంగతి ఒక్కటి చూడండి. మిగతావి ఎలా ఉన్నా ఫర్వాలేదు."

"అది నాకొదిలేయండి," అన్నాడు బావ.

ఆ ఇంకో దారి ఏంటో ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. బెలూన్లు నాలుగూ పీకేసి ఇనుప స్ప్రింగులు వేయడమే ఆ దారి. బండి ఇక కొండలా నిలబడి ఉంటుంది. పాత సామాన్లు అమ్మే పిన్ని దగ్గర స్ప్రింగులు తెచ్చుకుని, పీకిన బెలూన్లు బదులుగా ఇచ్చేశాం. మాస్టారికి తక్కువలో పని జరిగిందని నేను సంతోషించాను. ఒక పేదవాడికి మేలు చేశామని మంగళవారం ప్రార్థనలో దేవుడికి గుర్తు కూడా చేశాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

బుధవారం పొద్దున నేనే బండిని వాళ్ళింటికి తీసుకెళ్ళాను. సందులో మొదటి ఇల్లు. ముందు గదే ఆయన పనిచోటు. మరలు బిగించే ఇనుప ప్రెస్సు, బల్ల మీద కత్తిరించిన అట్టలు, గోడ పొడుగునా దారపు ఉండలు. గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. చేతికర్ర, భుజాన గుడ్డసంచి, ఇస్త్రీ మడత నలగని బట్టలు. ఎక్కడికో బయల్దేరినట్టుంది. కుడి కాలు కర్రలా బిగుసుకుని ఉంది. తుంటి దగ్గర వంగదని నిలబడిన తీరులోనే తెలుస్తోంది.

మాస్టారు మురిసిపోతూ డ్రైవరు సీట్లో ఎక్కి ఒక బటన్ నొక్కాడు. ఆవిడ తలుపు అడుగు అంచు వైపు చూస్తోంది. ఆయన మళ్ళీ నొక్కాడు. ఆవిడ ఇంకా అటే చూస్తోంది.

"ఏంటి మేస్త్రీ, కూర్చోదేం?" అన్నాడు.

"ఇంకెందుకు కూర్చుంటుంది మాస్టారూ!" అన్నాను నేను నవ్వుతూ. "ఇక జన్మలో కూర్చోదు. నాదీ హామీ."

ఆయన బటన్ మీద వేలు అలాగే ఉంచి భార్య వైపు చూశాడు. ఆవిడ నా వైపు చూసింది. నా నవ్వు ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. ఆవిడ నెమ్మదిగా వెనక్కి తిరిగి, సంచిని గోడకున్న మేకుకు తగిలించింది.

"పోనీలెండి," అంది ఆయనతో. "ఈసారీ మీరే వెళ్ళి రండి. ఎరుపు గుడ్డ మాత్రం తేకండి. ఆ గోదాము ఆయన ఇచ్చే ఎరుపు చేతికంటుతుంది."

"అమ్మా, ఏమైంది?" అన్నాను. ఏదో అయిందని మాత్రం అర్థమైంది.

"ఏం కాలేదు నాయనా. కూర్చో. నువ్వైనా కూర్చో." అని నాకు ముక్కాలి పీట చూపించింది. తను మాత్రం నిలబడే చెప్పింది.

పుస్తకాలకు వేసే గుడ్డ, తోలు, దారం ఎంచేది ఆవిడేనట. జిగురులో నాని నాని మాస్టారి వేళ్ళు మొద్దుబారాయి. గుడ్డ నేత ఆయన చేతికి తెలియదు. వారానికోసారి, బుధవారం, గుడ్డల గోదాముకు వెళ్ళి ఆవిడ తడిమి చూసి తేవాలి. తుంటికి ఆపరేషనయ్యాక కాలు వంగలేదు. టాక్సీ సీటు మరీ కిందికుంటుంది. ఒకసారి డ్రైవరూ మాస్టారూ పట్టుకుని ఎక్కించారు.

"ఎక్కించడం కాదులే. బస్తాను వేసినట్టు వేశారు," అంది ఆవిడ. "సందంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నేనింక బయటికి రానని చెప్పేశా. రెండేళ్ళు రాలేదు."

"అబద్ధం," అన్నాడు మాస్టారు బండిలోంచే. "రెండేళ్ళ నాలుగు నెలలు."

"ఆయనేం చేశారో చెప్పనా? నన్ను నిలబెట్టి, కుట్టుదారంతో నేల నుంచి నా తుంటి దాకా కొలిచి, అక్కడ ముడి వేశారు. ఆ దారం జేబులో పెట్టుకుని పాత కార్లు అమ్మే చోటల్లా తిరిగారు. ప్రతి కారు తలుపూ తీసి సీటు ఎత్తు కొలవడం. వాళ్ళు పిచ్చాడనుకున్నారు."

"పదకొండో చోట దొరికింది," అన్నాడు ఆయన.

బండి లేచి ఉంటే ఆవిడకు అది మేడ. మామూలు కార్లన్నీ గోతులు. బటన్ నొక్కితే ఈ బండి సరిగ్గా ముడి దగ్గరికి దిగేది. ఆవిడ వెనక్కి తిరిగి, సీటుకు ఆనుకుని, ఎవరి చేయీ పట్టకుండా లోపలికి జరిగేది. నెలరోజుల కింద అది దిగడం మానేసింది. లేచింది లేచినట్టే ఉంటోంది. నాలుగు బుధవారాలు పోయాయి. ఇది అయిదోది.

"అదే చెప్పాను కదా మీ బావగారితో," అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది. అదీ తన మీదే. "కూర్చోవడం లేదు అని. నేనే సరిగ్గా చెప్పి ఉండను."

ఆ బండినే వెనక్కి తోలుకుని షెడ్డుకు ఎలా వచ్చానో నాకు తెలియదు. తీగకు గుచ్చిన చీటీల్లోంచి ఆ చీటీ లాగాను. 'కూర్చోవడం లేదు' అని రాసి, 'లేదు' మీద ఒక గీత. దాని పైన ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఎక్కువైంది'.

"బావా, ఈ గీత ఎవరిది?"

"నాదే. పెద్దాయన కంగారులో తిరగేసి చెప్పాడు." బావ తల ఎత్తలేదు. మీటరు తీగలు చుడుతున్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాం. బండి కూర్చోవట్లేదని ఎవడైనా వచ్చాడా? జబ్బు రావట్లేదని ఎవడైనా డాక్టరు దగ్గరికి పోతాడా బావా?"

"ఆయన వచ్చాడు," అన్నాను.

అంతా చెప్పాను. బస్తా మాట వినగానే తీగలు చుట్టడం ఆపాడు. దారం దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం మారింది. "ముడి ఉన్న దారమా? తెల్లటిది, మైనం పూసింది?"

"నీకెలా తెలుసు?"

"డాష్‌బోర్డు పెట్టెలో ఉంటే... గట్టిగా ఉందని... బ్యాటరీ వైరు కట్టాను."

బండి బోనెట్ ఎత్తి, స్క్రూడ్రైవరు పట్టుకునే ఆ మోటు వేళ్ళతో దారం ఒక్కో చుట్టూ విప్పాడు. ముడి అలాగే ఉంది. దాన్ని తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పాత టైరు మీద కూలబడి, "పిన్ని ఆ బెలూన్లు అమ్మేసి ఉంటుందా బావా?" అన్నాడు.

మధ్యాహ్నం ఇద్దరం పిన్ని దగ్గరికి వెళ్ళాం. ఊళ్ళో పాత కార్లు నడిపేవాళ్ళందరికీ ఆవిడ పిన్నే. ఇనుపరేకుల కొట్టంలో ఏదో గొప్ప కారు నుంచి పీకిన వెనక సీటు వేసుకుని కూర్చుంటుంది. సీటు మధ్యలోని చేతిబల్ల మీద ఆవిడ గ్లాసు, కళ్ళజోడు. మా బెలూన్లు నాలుగూ అప్పుడే కడిగి, తుడిచి, ఎత్తుగా పెట్టి ఉన్నాయి.

"ఇద్దరు బావలూ కట్టకట్టుకుని వచ్చారంటే నా కొంప మునిగిందే," అంది.

"పిన్నీ, ఆ బెలూన్లు వెనక్కి కావాలి. స్ప్రింగులు తెచ్చి ఇస్తాం."

ఆవిడ ధర చెప్పింది.

"నిన్న కదా ఇచ్చాం!" అన్నాడు బావ.

"మీరిచ్చినప్పుడు అది తుక్కు నాయనా. నా గేటు దాటాక అది సామాను. పొద్దున్నుంచి ముగ్గురు అడిగారు. సాయంత్రం ఒకడు డబ్బుతో వస్తున్నాడు."

నేను మాస్టారి భార్య సంగతి మొదలుపెట్టాను. పిన్ని చేయి అడ్డం పెట్టింది. "కథ వద్దు. నా దగ్గరికొచ్చే ప్రతి సామాను వెనకా ఒక ఏడుపు ఉంటుంది. ఏడుపుకింత అని తగ్గిస్తే నేను తినేదేంటి?"

ఆవిడ అన్నది అన్యాయమని కూడా నేను అనలేను. అప్పుడు బావ ముందుకొచ్చాడు.

"కథ కాదు పిన్నీ. నేను తప్పు రాశాను. ఆయన లేదు అంటే నేను కొట్టేశాను."

"ఏం లేదన్నాడు?"

"కూర్చోవడం."

పిన్నికి అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక గ్లాసు పక్కన పెట్టి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత తన మోకాళ్ళ వైపు చూసుకుంది. ఆ సీటు లోంచి లేవాలంటే ఆవిడ ముందు చేతిబల్ల పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, తర్వాత ఎవరో ఒకరిని తిట్టాలి.

"ఎవరూ పట్టుకోకుండా ఎక్కుతుందా?" అంది.

"ఎక్కేదట."

"వెనక నా పెరట్లో తొమ్మిది బండ్లు విప్పకుండా పడి ఉన్నాయి," అంది పిన్ని బావతో. "మనుషులు దొరకట్లేదు. ఎనిమిది ఆదివారాలు వచ్చి విప్పు. అన్నం నేనే పెడతా. తిట్లు కూడా నేనే పెడతా. రెండూ తినాలి."

"వస్తా."

"ఆగు. ఎడమ వెనకది సబ్బునీళ్ళలో ముంచి చూశా. మడత దగ్గర బుడగలొస్తున్నాయి. అది బిగిస్తే ఆరు నెలల్లో మళ్ళీ వస్తారు. గుద్దుకున్న బండి నుంచి తీసిన మంచిదొకటి లోపల ఉంది. దానికి ఇంకో రెండు ఆదివారాలు."

"పిన్నీ!"

"పది. రాసుకో. సరిదిద్దకుండా రాసుకో."

శుక్రవారానికి బెలూన్లు నాలుగూ బిగించాను. బండి నిండుగా గాలి పీల్చుకుని లేచింది. బటన్ నొక్కాను. దిగలేదు. దిగదు కదా, అసలు జబ్బు అదే. దాన్ని మేము ఇంతవరకు ముట్టుకోనే లేదు. పక్కనే మాస్టారు ఉన్నాడు. ఇంట్లో కూర్చోలేక వచ్చాడు. బావ ఆయనకు స్టూలు వేసి, ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, "మాస్టారూ, మీరు సరిగ్గానే చెప్పారు. నేనే మార్చి రాశాను. ఇప్పుడు మళ్ళీ చెప్పండి," అన్నాడు.

"అదే బాబూ. కూర్చోవడం లేదు."

"ఇంకా?"

"ఇంకా... ఇదివరకు దిగేటప్పుడు పెద్ద నిట్టూర్పు వినిపించేది. మానేసే ముందు కొన్నాళ్ళు ఆ నిట్టూర్పు సన్నబడింది. ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు."

బావ అలాగే రాశాడు, 'నోటికి గుడ్డ' అని. చదివి నా వైపు చూశాడు. నేను అప్పటికే బండి కింద ఉన్నాను. గాలి పంపు దగ్గర, గాలి బయటికి పోయే గొట్టం చివర ఒక చిన్న మూత ఉంటుంది. విప్పాను. లోపల బొటనవేలి గోరంత ఉన్ని బిళ్ళ. దుమ్ము, నూనె పట్టి రాయిలా బిగుసుకుపోయింది. గాలికి బయటికి దారి లేదు. మొదట్లో ఆయన మాటలు చీటీ మీద ఉంటే ఒక్క గంట పని.

ఆ బిళ్ళ విడిగా అమ్మరు. కంపెనీ లెక్కలో పంపు మొత్తం ఒకే సామాను. బిళ్ళ కావాలంటే పంపు కొనాలి. దాని ధర బావ కంప్యూటరులో చూసి, మాస్టారికి కనపడకుండా తెర తిప్పేశాడు. మాస్టారు ఎండిపోయిన ఆ బిళ్ళను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇలాంటి ఉన్ని మా దగ్గరుందే. తోలు నలక్కుండా ప్రెస్సు కింద వేస్తాం. గుండ్రంగా కొట్టే ఉలి కూడా ఉంది."

ఇంటికి వెళ్ళి గంటలో వచ్చాడు. అగ్గిపెట్టెలో ఆరు బిళ్ళలు. ఒకటి బిగించాను. మిగతా అయిదూ ఆ పెట్టెలోనే ఉంచి డాష్‌బోర్డులో పెట్టమన్నాను. ఆయన బటన్ నొక్కాడు. బండి ఉస్సూరంటూ, తీరుబడిగా, మొదట వెనకవైపు, తర్వాత ముందువైపు దిగింది. బావ జేబులోంచి దారం తీసి సీటు దగ్గర నిలబెట్టి పట్టుకున్నాడు. ముడి సీటు అంచును తాకింది.

"ఇది... ఎక్కడ దొరికింది?" అన్నాడు మాస్టారు.

"మీ బండిలోనే," అన్నాడు బావ. బ్యాటరీ సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పొద్దున షట్టరు ఎత్తే ముందు నేనొక నిమిషం కళ్ళు మూసుకుని నిలబడతాను. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. శనివారం పొద్దున అలా నిలబడినప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. నేను ఇన్నేళ్ళుగా దేవుణ్ణి అడిగినవన్నీ ఆయన నేను అడిగినట్టే రాసుకుంటున్నాడా, లేక వీడికి తెలియక తిరగేసి అడుగుతున్నాడని నా 'లేదు'ల మీద గీత పెడుతున్నాడా? గీత పెట్టినా ఆయన పెట్టినది తప్పు కాకపోవచ్చు. అయినా ఒక్కసారి నన్ను అడిగితే బాగుండునని మాత్రం అనిపించింది. షట్టరు ఎత్తాను.

ఆ బుధవారం ఇద్దరం మాస్టారింటికి వెళ్ళాం. అవసరం లేదు, అయినా వెళ్ళాం. ఆవిడ గుమ్మంలో ఉంది. సంచి భుజాన ఉంది. మాస్టారు బటన్ నొక్కగానే బండి నిట్టూర్చి కూర్చుంది. ఆవిడ కర్రను బావ చేతికి ఇచ్చి, వెనక్కి తిరిగి, సీటు అంచును ఒకసారి చేత్తో తడిమింది, గుడ్డ నేత చూసినట్టు. ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో బావ చేయి తనంతట తనే ముందుకొచ్చింది.

"చెయ్యి తీయి నాయనా," అంది ఆవిడ.

బావ చేయి వెనక్కి తీసుకుని, ఏం చేయాలో తెలియక ఆ కర్రనే రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ ఆనుకుంది, జరిగింది, బిగుసుకున్న కాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది. ఊపిరి తీసుకుంది. చుట్టూ చూసింది. సందులో ఎవరూ చూడటం లేదు. కొంచెం నిరుత్సాహపడిందేమో అనిపించింది నాకు.

"కర్ర ఇవ్వు. ఇంటికి తీసుకుపోతావా ఏంటి?" అంది. బావ ఇచ్చాడు. బండి లేచింది, వెళ్ళింది. సందు మలుపు దాకా బావ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాతి వారం మాస్టారు షెడ్డుకొచ్చి ఒక పొట్లం ఇచ్చాడు. విప్పితే లావుపాటి ఖాళీ పుస్తకం. నీలం గుడ్డ అట్ట, తోలు వెన్ను, చేతికుట్టు. "ఈ గుడ్డ ఆవిడే ఎంచింది. నూనె చేతులు పడినా ఆనవాలు కనపడదంది. మీ చీటీలు తీగకు వేలాడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు."

ప్రతి పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత ఉంది. ఎడమవైపు పైన 'వాళ్ళు చెప్పింది' అని, కుడివైపు పైన 'మాకు అర్థమైంది' అని అచ్చు వేసి ఉంది. బావ చాలాసేపు చూసి, "కుడివైపు అంత వెడల్పు ఎందుకు మాస్టారూ, సగం చాలు," అన్నాడు.

ఆదివారాలు పిన్ని దగ్గర తిట్లు తిని వస్తున్నాడు కాబట్టి ఆయన కాస్త మెత్తబడ్డాడు. మొన్న ఒక టాక్సీ ఆయన వచ్చి, "ఇంజను ఏడుస్తోంది, తొందరగా చూడండి," అన్నాడు. బావ పుస్తకం తెరిచి, కలం మూత తీసి, ఎడమవైపు పెట్టి ఆగాడు.

"ఏడుస్తోందా, మూలుగుతోందా?"

"ఏదో ఒకటి రాయండి సార్, నాకు టైం లేదు!"

"అలా కుదరదు. మళ్ళీ ఒకసారి స్టార్ట్ చేసి విని చెప్పండి," అన్నాడు మా బావ. "నేను ఆగుతాను."